హగరి ఇసుక మీద ఒక సాయంత్రం

(స్వర్ణోత్సవ సభల రెండో రోజు ఉదయం చేసిన ప్రసంగం పాఠం)

మనకు చదువు చెప్పినవాళ్ళలో ముగ్గురు ఈ రోజు మన మధ్య కూర్చుని ఉండటమే ఈ పండుగకు నిండుదనం.

నిన్న సాయంత్రం మనవాళ్ళు 42 మంది హగరి ఒడ్డున ఇసుక దిబ్బలకు పోయొచ్చిన సంగతి మిగతావాళ్ళకు చెప్పమని కార్యదర్శి గారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. నిన్న వచ్చినవాళ్ళు ముందు వరుసల్లోనే ఉన్నారు, నేను ఎక్కడైనా పెంచి చెబితే అక్కడే ఆపండి. మధ్యాహ్నం సర్వసభ్య సమావేశంలో ఒక తీర్మానం వస్తోంది గదా, దాని గురించి చివర్లో నా మాట కూడా చెబుతాను. నిజానికి అది చెప్పడానికే మైకు పట్టుకున్నాను.

ఈ ఆలోచన కువైట్ మిత్రుడిది. వాళ్ళబ్బాయి దుబాయిలో ఉద్యోగం. పోయిన ఏడు అక్కడికి పోయినప్పుడు కొడుకు, కోడలు ఈయన్ను ఎడారి సఫారీకి తీసుకుపోయారట. మధ్యాహ్నం మూడు గంటలకు పెద్ద జీపు ఇంటి ముందుకొస్తుంది. ఇసుక మొదలయ్యేచోట ఆపి టైర్లలో గాలి సగానికి సగం తీసేస్తారు. అట్లా తీస్తే టైరు వెడల్పై ఇసుకలో దిగబడదు. తర్వాత దిబ్బల మీదికి ఎక్కించి ఒక్కసారిగా కిందికి జార్చడం, కడుపులో పేగులు నోట్లోకి వచ్చేలాగ. ఒంటె సవారీ, పలక మీద జారడం, పొద్దు గూకినాక గుడారాల మధ్య తివాచీల మీద కూర్చోబెట్టి కాల్చిన మాంసం, ఖర్జూరాలు, గిరగిరా తిరిగే నాట్యం. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో ఇదంతా ఫొటోలతో పెట్టి, కింద ఒక ముక్క రాశాడు: "మనకూ ఉంది గదప్పా ఇసుక. మనమే ఎందుకు పోకూడదు?"

ఎవరో ఒంటెను తెప్పిద్దామన్నారు. ఒంటె బాడుగ, దాని మేత, దాన్ని తెచ్చే లారీ ఖర్చు లెక్కేసేసరికి ఆ మాట అక్కడే పోయింది.

కొత్త తరం పిల్లలు కూడా ఇక్కడున్నారు గాబట్టి ఆ చోటు ఎక్కడో చెప్పాలి. మన రాయదుర్గం నుంచి కణేకల్లు మీదుగా బొమ్మనహాళ్ వైపు పోతే, గోవిందవాడ, దర్గా హొన్నూరు ప్రాంతాల్లో వేదవతి ఏటి పక్కన ఇసుక గుట్టలు గుట్టలుగా కనిపిస్తుంది. మనం వేదవతి అన్నా, హగరి అన్నా ఒకటే ఏరు. రోడ్డుకు ఒక పక్క తుంగభద్ర ఎగువ కాలువ కింద పచ్చటి వరి మళ్ళు, ఇంకో పక్క ఎర్రబారిన తెల్ల ఇసుక. బస్సులో నిద్రపోయి లేచినవాడు రాజస్థాన్ వచ్చిందేమో అనుకోవాల్సిందే. పత్రికలవాళ్ళు దానికి ఆంధ్రా ఎడారి అని పేరు పెట్టారు.

నేను ముప్పై ఏళ్ళు సోషల్ టీచరుగా చేసినదాన్ని, ఈ ఎడారి అనే మాట దగ్గర కొంచెం ఆగకుండా ఉండలేను. మన జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడుతుంది. 250 లోపు పడే చోటును ఎడారి అంటాం. జైసల్మేరులో అంత కూడా పడదు. అంటే మనది కరువు సీమే గానీ, వాన లెక్కన ఎడారి కాదు. మరి ఆ ఇసుక ఎక్కడిది? ఏటిది. కర్ణాటకలో బాబాబుడన్ కొండల్లో పుట్టిన వేద, అవతి అనే రెండు వాగులు కలిస్తే వేదవతి. అది చిత్రదుర్గం జిల్లా దాటి మన దగ్గరికి వచ్చేసరికి ఏళ్ళ తరబడి నీళ్ళుండవు, ఇసుక మాత్రం ఉంటుంది. పారే ఏటిలో ఇసుక తడిగా, బరువుగా ఉండి కదలదు. ఎండిన ఏరు పిండి ఆరబోసిన చాప లాంటిది.

ఇక గాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా వీచే నైరుతి గాలి తన వాననంతా పడమటి కనుమల మీద దించేసుకుని, వట్టి చేతులతో మన మీదికి వస్తుంది. మనకు నీళ్ళివ్వని ఆ గాలే ఏటిలో ఇసుకను ఎత్తి గట్టు దాటించి పొలాల్లో పోస్తుంది. ఇసుక రేణువు దుమ్ములాగా ఎగిరిపోదు. గెంతుతుంది. ఒకటి లేచి పడి, పడినచోట ఇంకో రెండింటిని లేపుతుంది. గాలి వచ్చే వైపు దిబ్బ ఏటవాలుగా సాగి ఉంటుంది, అవతలి వైపు నిటారుగా దిగిపోతుంది. ఆ నిటారు వైపు వాలు సుమారు 34 డిగ్రీలు. అంతకంటే నిలబెట్టబోతే ఇసుక తనంతట తానే జారిపోతుంది. రేణువులు ఈ వైపు ఎక్కి ఆ వైపు జారుతుంటే దిబ్బ మొత్తం మెల్లగా ముందుకు నడుస్తుంది. ఆషాఢమాసంలో ఆ ఊళ్ళల్లో అన్నం మీద మూత తీస్తే పంటి కింద ఇసుకే. పాఠం అయిపోయింది, భయపడకండి.

మమ్మల్ని అక్కడ దింపుకున్నది మా క్లాసు మిత్రుడే. పేరు చెప్పొద్దన్నాడు. మా సెక్షనులో కడపటి బెంచీ, రోజూ ఎర్రబస్సులో వచ్చి ఆలస్యానికి గోడకుర్చీ వేసేవాడు, ఇప్పుడు మా అందరికంటే గట్టిగా ఉన్నాడు. పదో తరగతి అయినాక సేద్యంలో పడ్డాడు. సంఘం మొదలైన ఈ యాభై ఏళ్ళలో ఒక్క సమావేశానికీ రాలేదు, ఒక్కసారీ ఎవరూ పోయి పిలవలేదు కూడా. కువైట్ మిత్రుడు ఫోను చేసి సంగతి చెబితే, "దుబాయిలో ఎట్ల చేస్తారో నాకు తెలీదు. మా ఊరికి వచ్చినోళ్ళకు సంగటి పెట్టకుండా పంపను" అన్నాడట.

నాలుగు గంటలకు రెండు టెంపోల్లో చేరాం. ఊరి నుంచి దిబ్బ దాకా ట్రాక్టరు ట్రాలీలో. మోకాళ్ళ నొప్పులవాళ్ళను ఎక్కించడానికి ఒక ముక్కాలిపీట, ఇద్దరు కుర్రాళ్ళు. డాక్టరు మిత్రురాలు ముందే అందరికీ చెప్పింది, గుండె ఆపరేషనయినవాళ్ళు దిబ్బ ఎక్కొద్దని. ముగ్గురు ఎక్కనే ఎక్కారు.

చెప్పులు విప్పమన్నారు. సంక్రాంతి వెళ్ళిన వారం గదా, ఎండ మెత్తగా ఉంది. ఇసుక పైన వెచ్చగా, వేలు దూరిస్తే లోపల చల్లగా ఉంది. గాలి గీసిన చారలు చీర కుచ్చిళ్ళలాగా వరుసగా ఉంటే, మొదట దాని మీద అడుగు పెట్టడానికి ఎవరికీ మనసు రాలేదు. మా మిత్రుడు మాత్రం ఆ చారల మధ్య చిన్న చిన్న జాడలు చూపిస్తూ పోయాడు: ఇది ఉడుత, ఇది కౌజు పిట్ట, ఇది తేలు, ఇది పోయిన రాత్రి నక్క. ఆ నక్క జాడ మేం భోంచేయబోయే చోటి వైపే పోయింది, దాని మీద కాసేపు జోకులు.

జారడానికి పలకల్లేవు. ఖాళీ యూరియా సంచులు తెచ్చారు. సంచి మీద కూర్చుని, ముందు కొసలు రెండు చేతులా పట్టుకుని, కాళ్ళు కొంచెం పైకెత్తితే చాలు, 34 డిగ్రీలు మిగతా పని చూసుకుంటాయి. ముందు మనవలు, మనవరాళ్ళు జారారు. తర్వాత మా బ్యాచ్ మగవాళ్ళు. ఆడవాళ్ళం ఒడ్డున చీరలు సర్దుకుంటూ నిలబడ్డాం.

ఇక్కడ ఒక పాత మాట చెప్పాలి. మేం తొమ్మిదిలో ఉండగా మగపిల్లల్ని ఇదే ఏటికి పిక్నిక్ తీసుకుపోయారు. ఆడపిల్లల్ని కోట దగ్గర గుడికి తీసుకుపోయి పులిహోర పెట్టి నాలుగింటికి ఇంటికి చేర్చారు. అప్పట్లో అంతే, ఎవరినీ అనడం లేదు. మరుసటి రోజు మగపిల్లలు క్లాసులో ఇసుకలో ఎట్లా దొర్లారో చెప్పుకుంటుంటే మేం విన్నాం. నిన్న మాలో ఒకామె, బ్యాంకులో మేనేజరుగా రిటైరయింది, నడుముకు కొంగు బిగించి, "ఆ పిక్నిక్ బాకీ ఉందే మనకు" అని సంచి లాక్కుంది. ఆమె వెనకాల తొమ్మిది మందిమి జారాం. నేను రెండుసార్లు. నోట్లో, చెవుల్లో, జాకెట్లో అంతా ఇసుకే. ఈ ఉదయం తల దువ్వుకుంటే కూడా రాలింది.

అటు పిల్లలు గాలిపటాలు ఎగరేశారు. మగవాళ్ళు కబడ్డీ మొదలుపెట్టి రెండు కూతలకే ఆయాసపడి, బిళ్ళంగోడుకు మారారు. మా లెక్కల సారు తొంభైకి దగ్గర పడ్డారు, కుర్చీలో కూర్చుని పాయింట్లు లెక్కబెట్టారు, ఒక్క పాయింటు కూడా ఎవరినీ దొంగిలించనియ్యలేదు.

పొద్దు గూకేటప్పుడు అందరం దిబ్బ నెత్తిన కూర్చున్నాం. అక్కడొక వేపచెట్టు గుబురు ఉంది, నడుము ఎత్తు మాత్రమే. పిల్లలు దాని కొమ్మల మీద ఎక్కి ఊగుతున్నారు. నేను, "ఈ ఇసుకలో వేప బాగానే మొలిచిందే, ఇంకా పెరగలేదా?" అన్నాను. మా మిత్రుడు నవ్వి, "అది మొలిచింది కాదమ్మా, మునిగింది. మా తాత నాటిన చెట్టు. మీకు కనబడేది దాని తల" అన్నాడు. తర్వాత చాపలు పరిచినచోటికి చెయ్యి చూపించి, "మన అన్నాలు మా నాయన తవ్వించిన బావి మీద" అన్నాడు.

కొంచెంసేపు ఎవరూ మాట్లాడలేదు. పిల్లలు కొమ్మలు దిగారు.

అతను మాత్రం మామూలుగానే చెప్పుకుంటూ పోయాడు. నాలుగు ఎకరాల ముప్పై సెంట్లు. చెనిక్కాయ, మధ్యలో కంది సాళ్ళు, బావి కింద కొంచెం మిరప. ఇసుక ఒక్క ఏడుతో రాలేదు. మొదటి ఏడు గట్టు దగ్గర నాలుగు సాళ్ళు మేట వేసింది. ఇంటిల్లిపాదీ గంపలతో ఎత్తిపోశారు. మరుసటేడు ఎత్తినంతా మళ్ళీ వచ్చింది. ట్రాక్టరుతో తోయించాలంటే పంట డబ్బు దానికే సరి. ఏడెనిమిదేళ్ళకు బావి గిలక కూడా కనబడలేదు. పాసుబుక్కులో మాత్రం భూమి ఇప్పటికీ అంతే ఉంది, నాలుగు ముప్పై, పట్టాదారు ఇతనే. 2022లో ఎగువన వాణీవిలాస సాగరం 89 ఏళ్ళ తర్వాత నిండి పొర్లింది గదా, ఆ ఏడు మన ఏరు కూడా పారింది. ఊరంతా హారతులిచ్చారట. "నీళ్ళు పోయినాక చూస్తే కొత్త ఇసుక" అన్నాడు.

నేను అడిగాను, మరి మేం ఇట్లా వచ్చి ఎగిరి గంతులేస్తుంటే నీకు కష్టంగా లేదా అని. అతను చెప్పింది చెప్పినట్టు చెబుతాను: "ఎందుకమ్మా కష్టం? ముప్పై ఏండ్లుగా ఈ ఇసుకను చూసి నవ్వినోళ్ళు లేరు. ఈ పొద్దు నవ్వినారు. కాకపోతే యాడ కూర్చున్నారో తెలిసి నవ్వండి, అంతే."

భోజనం గురించి చెప్పకపోతే వచ్చినవాళ్ళు నన్ను వదలరు. ఊళ్ళో మహిళా సంఘం ఆడవాళ్ళు వండి తెచ్చారు. కంది కట్టె మంట మీద వేడి చేసి వడ్డించారు. చేతికి అంటుకోని రాగి సంగటి, నాటుకోడి పులుసు, మాంసం ముట్టనివాళ్ళకు ఉలవచారు, జొన్న రొట్టెలు, గుత్తి వంకాయ, పుంటికూర, ఊరుబిండి, కడపట ఓళిగల మీద నెయ్యి. మంటలో కాల్చిన చెనిక్కాయలు ఎన్ని తిన్నామో లెక్కలేదు. నగరాల్లో పెరిగిన మనవళ్ళు సంగటి నమలబోతే, మింగాలి గానీ నమలకూడదని ఒక అవ్వ ముద్ద చేసి చూపించింది. ప్లాస్టిక్ పళ్ళాలు లేవు, విస్తరాకులు. చివర్లో గాలికి ఒక్క ఆకు కూడా పోకుండా ఏరి గుంతలో వేశారు. గాలి తీసుకుపోయింది ఏదైనా పక్క పొలంలోనే పడుతుందని అక్కడి పసిపిల్లలకు కూడా తెలుసు.

ఏడున్నరకల్లా చలి. ఇసుకకు వేడి ఎంత తొందరగా ఎక్కుతుందో అంత తొందరగా దిగుతుంది. దుప్పట్లు కప్పుకుని ఆకాశం చూశాం. నడినెత్తికి దగ్గరగా పిల్లల కోడి, తూరుపున గొల్లకావడి. రాయదుర్గంలో వీధి దీపాల కింద ఎన్నేళ్ళయిందో వాటిని చూసి. ఊరి నుంచి వచ్చిన గొర్రెల కాపరి ఒకాయన కావడి నడుమకు వస్తే మందను ఎప్పుడు లేపాలో చెప్పాడు. మా మనవరాలు ఫోనులో నక్షత్రాల యాప్ తెరిచి ఆయన మాట సరిచూసింది, ఆయనే సరి.

ఇప్పుడు లెక్క. మనిషికి 700 చొప్పున 42 మందికి 29,400. టెంపోలకు 9,000, ట్రాక్టరుకు 1,500, వంటకు 12,500. మిగిలింది 6,400. దాన్ని మా మిత్రుడి చేతిలో పెట్టబోతే తీసుకోలేదు. ఆ 6,400 ఇప్పుడు కోశాధికారి దగ్గరుంది.

ఇక తీర్మానం మాట. సంఘంలో కొందరు తమ్ముళ్ళు ఉత్సాహంగా ఉన్నారు. అక్కడ గుడారాలు వేసి, పెద్ద జీపులు తెచ్చి, బెంగళూరు వాళ్ళకు శని ఆదివారాలు సఫారీ నడిపితే సంఘానికి ఆదాయం, ఊరి కుర్రాళ్ళకు పని అంటున్నారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే. ఇన్నాళ్ళకు మనవాళ్ళకు మన ఊరి మీద వ్యాపారం చేయాలనిపించింది, సంతోషం. నడిచిపోయి, జారి, తిని, పడుకుని వచ్చే పని అయితే నేను కూడా ఓటు వేస్తాను.

జీపులకు వేయను. ఎందుకంటే ఆ దిబ్బల మీద నిన్న మేం చూసింది ఇసుక ఒక్కటే కాదు. వెంపలి, జిల్లేడు, అక్కడక్కడ రెల్లు, ఈత పొదలు. కాలికి గుచ్చుకునే ఆ పిచ్చి మొక్కలే దిబ్బ కాళ్ళకు వేసిన బంధాలు. వాటి వేళ్ళు ఉన్నచోట ఇసుక ఆగింది, లేనిచోట నడుస్తోంది. చక్రం ఒక్కసారి పోతే వెంపలి మొదలు విరుగుతుంది, పది జీపులు వారం వారం పోతే దిబ్బ బోడిగుండు అవుతుంది. ఆషాఢం గాలికి ఆ ఇసుక పోయేది ఇంకొకరి నాలుగెకరాల్లోకి. దుబాయిలో తిరుగుతున్నాయి గదా అంటారేమో. అక్కడ కూడా 225 చదరపు కిలోమీటర్ల ఎడారికి కంచె వేసి రక్షిత ప్రాంతం చేశారు, అందులో బండి ఇష్టం వచ్చినట్టు పోవడానికి లేదు. పైగా అక్కడి ఇసుక కింద ఎవరి బావీ లేదు.

ఇసుకను ఆపడం తెలియని విద్య కాదు. జోధ్‌పూర్‌లో 1959 నుంచి ఉన్న కేంద్ర ఎడారి పరిశోధన సంస్థ థార్‌లో చేసి చూపించింది. గాలికి అడ్డంగా ఎండు కంప వరుసలు గళ్ళు గళ్ళుగా పాతుతారు. గాలి వేగం నేల దగ్గర తగ్గుతుంది, ఇసుక కదలదు, ఆ గళ్ళ మధ్య వానాకాలం మొదట్లో మొక్కలు, గడ్డి విత్తనం. రెండు మూడేళ్ళు గొర్రెలను పోనీకుండా కాపాడాలి, కష్టమంతా అక్కడే. మన దగ్గర కంపకు కరువు లేదు, సర్కారు తుమ్మ ఎంత కావాలంటే అంత.

కాబట్టి సర్వసభ్య సమావేశానికి నా సవరణ ఇది. సాయంత్రాలు నడపండి, జీపులు లేకుండా. ఎవరి పట్టా మీద చాప పరుస్తామో వాళ్ళకు దిబ్బ బాడుగ అని విడిగా రాసి ఇవ్వాలి, దయతో ఇచ్చినట్టు కాదు, పాసుబుక్కు నంబరు వేసి రసీదు తీసుకుని. వంట ఆ ఊరి ఆడవాళ్ళదే. స్వర్ణోత్సవ గుర్తుగా బడి ముందు ఆర్చి కట్టాలని పెట్టుకున్న డబ్బులో సగమైనా ఆ నాలుగు ఎకరాల ముప్పై సెంట్ల గాలి వైపు కంప వరుసలకు, కానుగ మొక్కలకు ఇవ్వాలి. 6,400తో మొదలుపెడదాం.

రాత్రి ట్రాక్టరు ఎక్కేముందు ఈ మాట మా మిత్రుడికి చెప్పాను. కాసేపు ఆలోచించి మూడు షరతులు పెట్టాడు. మొక్కలు జూన్‌లో మొదటి వాన పడిన వారంలోనే రావాలి, ఫొటోల కోసం ఆగస్టు పదిహేనుకు కాదు. మొదటి రెండు వేసవుల్లో ట్యాంకరు నీళ్ళకు డబ్బు సంఘమే కట్టాలి, పోయడం తన వంతు. మూడోది, గొర్రెల కాపరులతో మాట్లాడటానికి మనలో ఎవరైనా తనతో వచ్చి కూర్చోవాలి, ఊళ్ళో తనొక్కడే చెబితే గొడవవుతుంది. మూడోదానికి నేను వస్తానని చెప్పాను. మొదటి రెండూ మీ చేతుల్లో ఉన్నాయి.

తర్వాతి సాయంత్రం శివరాత్రి వెళ్ళిన శనివారం. ఆ తర్వాత ఎండలు ముదురుతాయి, ఎవరినీ తీసుకుపోను. బయట నీళ్ళ కుండ పక్కన బల్ల మీద పుస్తకం పెట్టాను, రాదలచినవాళ్ళు పేర్లు రాయండి. ట్రాలీలో ఒక విడతకు ఇరవై మందే పడతారు. సంచులు ఎవరివి వాళ్ళు తెచ్చుకోండి, యూరియా సంచి అయితే బాగా జారుతుంది, సిమెంటు సంచి వద్దు.